జీపు కారడం మానేసిన రోజు

మా వాకిట్లో జీపు నిలబడిన కాలం తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది వాసన. పొద్దున్నే చల్లిన పేడకళ్లాపి వాసనలో పెట్రోలు వాసన కలిసిపోయి ఉండేది. అప్పట్లో దాన్ని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కడన్నా వస్తుందేమోనని ముక్కు ఎగబీలుస్తుంటాను.

అప్పుడు మేం ముత్తుకూరులో ఉండేవాళ్లం. మా ఆయన పద్మనాభయ్యది వరి సేద్యం. మా ఒక్కగానొక్క కొడుకు కామాక్షయ్యకు మాత్రం మడి మీద కంటే చక్రం మీదే మనసు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక మిలిటరీ వాళ్లు వేలంలో వదిలించుకున్న జీపు ఒకటి మద్రాసులో ఎన్ని చేతులు మారిందో ఏమో, అరవై రెండులో మా ఇంటికొచ్చింది. స్టీరింగు ఎడమవైపు ఉంది. అది చూసి నేను గొల్లుమన్నాను.

"అందురూ ఒక పక్క కూచోని నడుపుతుంటే నువ్వొక్కడివి ఇంకో పక్క కూచుంటావా అబ్బయా? ఎదురొచ్చే బస్సు నీకు కనపడేదెట్టా?"

"బస్సు నాకు కనపడకపోయినా, నేను బస్సుకు కనపడతాలే అమా," అని నవ్వాడు వాడు.

నాకు భయం కొత్త కాదు. వాడు ఈతకు పోతే మునుగుతాడని భయం, పోకపోతే ఈత రాకుండా పోతుందని భయం. పక్కింటి పిచ్చమ్మ "వాణ్ని కొంగున ముడేసుకో ఆదిశేషమ్మక్కా, ఎక్కడికీ పోడు" అని ఎగతాళి చేసేది. ఇంట్లో నా భయానికి విలువ లేకపోవడానికి కారణం నేనే. రోజూ భయపడే మనిషి మాట ఎవరు పట్టించుకుంటారు?

వాడు కృష్ణపట్నం రేవు నుంచి నెల్లూరికి చేపల గంపలు తోలేవాడు. ఒకసారి నేనూ ఎక్కి పోయాను. రేవు దగ్గర దారి వాలుగా నీళ్లలోకి దిగిపోతుంది. పడవలోంచి గంపలు నేరుగా అందుకోవడానికి వాడు జీపును వెనక్కి వెనక్కి దించి, వెనక చక్రాలకు నీళ్లు తగిలే చోట ఆపాడు. వెనక ఏరు, ఎంత లోతో తెలియదు. చేతి బ్రేకు ఎప్పుడో పోయిందట. ఆ బండినీ నా బిడ్డనీ నిలబెట్టేది వాడి కాలికింద ఉన్న ఒక్క బ్రేకే. గంపలు ఎక్కించినంతసేపూ నేను కళ్లు తెరవలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక జీపును వాకిట్లో నేను వేసిన ముగ్గు మీదే నిలిపేవాడు. వేరే చోటు లేదు. తెల్లవారి అది కదిలాక చూస్తే ముగ్గు నిండా మరకలు. మొదట్లో ముగ్గు పాడైందని ఏడ్చాను. తర్వాత తర్వాత, ఏ గీత మీద ఏ మరక పడిందో చూడటం అలవాటైంది. ముందువైపు గీతల మీద తుప్పు రంగు నీళ్లు. కొంచెం ఇవతల, నడి ముగ్గులో, నల్లగా చిక్కటి చుక్కలు. వెనక ఎడమ చక్రం నిలిచిన చోట ఇంకొకటి. దానికి రంగు లేదు. వేలికి రాసుకుంటే జారుతుంది, వాసన చూస్తే ఇంచుమించు ఆముదంలా ఉంటుంది.

మా ఊళ్లో కృపాదానం అని మెకానిక్కు ఉండేవాడు. నెల్లూరులో బస్సుల షెడ్డులో పనిచేసి వచ్చినవాడు. వాడు వచ్చినప్పుడు నేను ముగ్గు చెరపకుండా ఉంచి చూపించాను.

"అక్కా, నువ్వు నా పని సగం చేసిపెట్టినావు," అన్నాడు. "నల్లది ఇంజను నూనె. కింద బోల్టుకాడ ప్యాకింగు పోయుంటది. ఎర్రటిది రేడియేటరు నీళ్లు. ఈ మూడోది మాత్రం బ్రేకు నూనె. చక్రం లోపల రబ్బరు చిరిగుంటది. రబ్బరు నెల్లూర్లో దొరుకుద్ది."

బోల్టు ప్యాకింగు అప్పుడే మార్చాడు. రబ్బరు తెస్తానని నెల్లూరులో ఉన్న కూతురు నవోమి ఇంటికి పోయాడు. క్రిస్మస్ పండగ అయ్యేదాకా తిరిగి రాలేదు.

ఈలోగా మా ఆయనకు ఎవరో లారీ డ్రైవరు చెప్పాడట, రేడియేటరులో పసుపు పోస్తే సన్న చిల్లులు పూడిపోతాయని. నేను దంచి జల్లించిన పసుపు దోసెడు తీసుకుపోయి అందులో పోశారు. నాకు నవ్వొచ్చింది గానీ, నిజంగానే నీళ్లు ఆగిపోయాయి. ఎర్ర మరక మళ్లీ పడలేదు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. జీపు కొన్నాళ్లు వాకిట్లోనే ఉండిపోయింది. వాన వెలిసి వాకిలి ఆరాక ఒక పొద్దున మా ఆయన జీపును కొంచెం ముందుకు నెట్టించి కింద చూశారు. నల్లది లేదు, ఎర్రది లేదు. వెనక చక్రం కింద ఆముదం వాసన మరక కూడా లేదు. నేల పొడిగా ఉంది.

"చూసినావా మే! పసుపు మహత్యం," అన్నారాయన. మొత్తం నయమైపోయిందని జీపు ముందు టెంకాయ కొట్టారు. బొట్టు పెట్టారు. నిమ్మకాయ కట్టారు. పిచ్చమ్మ కూడా వచ్చి కొబ్బరి ముక్క తిని "ఇంక నీకు భయపడే పనేలేదు గదక్కా, ఎట్టా పొద్దుపోద్దో పాపం" అంది.

నాకు మాత్రం కొబ్బరి ముక్క తినబుద్ధి కాలేదు. పసుపు పోసింది నీళ్లలో. వెనక చక్రానికీ ఆ నీళ్లకూ సంబంధమేమిటి? పాలు కారే కుండ కారడం మానేసిందంటే రెండే కారణాలు. ఒకటి, చిల్లు పూడటం. రెండోది తలచుకోగానే చేతిలో కొబ్బరి ముక్క అరుగు మీద పెట్టేశాను.

వాడు అప్పటికే సీట్లో కూర్చున్నాడు. రేవులో పడవలు వచ్చి ఉంటాయి, చేపలు ఆగవు. నేను జీపు ముందుకు పోయి నిలబడ్డాను.

"ఏంది మా, మళ్లీ మొదులా?"

"ఆ మూడో నూనె యాడ పోస్తారు నాయనా? నీళ్లకు ముందు మూత ఉండాది, ఇంజనుకు నూనె కొలిచే పుల్ల ఉండాది. దీనికేముండాది?"

"నా కాళ్లకింద రేకు ఉండాది. దాని కింద డబ్బా."

"అది తీసి చూసినారా?"

"మరలన్నీ తుప్పు పట్టిపోయుండాయి, ఎవురు తీస్తారు? కారడంలేదు గదా మా, ఇంకేంది?"

"కారేదానికి అందులో ఏమన్నా ఉంటే గదా కారేది!"

మా ఆయన విసుక్కున్నారు. "పొయ్యేవాణ్ని ఆపబాక మే. ముందు కారతాందని ఏడిస్తివి, ఇప్పుడు కారడంలేదని ఏడుస్తుండావు. నీకేం జెయ్యాలో ఆ దేవుడిక్కూడా తెలవదు."

వాడు నన్ను ఊరడించాలని మెత్తగా అన్నాడు. "బ్రేకు బాగానే ఉండాది మా. పాత బండి గదా, రెండుసార్లు తొక్కితే పట్టుకుంటది."

"రెండుసార్లా?"

అన్నాక గానీ వాడికి తెలియలేదు, ఆ మాట నాకు చెప్పకూడనిదని.

"ఎన్నాళ్లనుంచిరా? రేవులో వెనక్కి దింపేటప్పుడు రెండోసారి తొక్కే సందు యాడుందిరా నీకు?"

వాడు నా మొహంలోకి చూస్తూనే కాలు బ్రేకు మీద పెట్టి తొక్కాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి ఇంకా గట్టిగా. ప్రతిసారీ బ్రేకు పలక నేలరేకుకు తగిలి టక్కుమంది. వాడు దిగి, మరలకు కిరసనాయిలు పోసి నానబెట్టి, ఒక్కొక్కటీ తిప్పి రేకు ఊడదీశాడు. డబ్బా మూత తీసి వేలు పెట్టాడు. వేలికి నూనె అంటలేదు, అడుగున పేరుకున్న ఎర్రటి మడ్డి అంటింది.

మా ఆయన అరుగు మీద కూర్చుండిపోయారు. జీపుకు పెట్టిన బొట్టు వైపు ఆయన చూడలేదు.

మర్నాడు కృపాదానం బస్సు దిగి రబ్బరుతో సహా వచ్చాడు. చక్రం ఊడదీసి చూపించాడు. లోపల అంతా జిడ్డు. రబ్బరు చిరిగి, ఇసుక కొట్టుకుని ఉంది. కొత్తది బిగించి కొత్త నూనె పోశాడు. అయినా బ్రేకు పట్టలేదు.

"గొట్టంలో గాలి జొరబడుంది. అది పోవాల. నేను చక్రంకాడ మర విప్పుతా, అబ్బాయి డబ్బాలో నూనె తగ్గకుండా పోస్తా ఉండాల, ఇంకొకరు తొక్కాల," అన్నాడు కృపాదానం. మా ఆయన మడి దగ్గరకు పోయి ఉన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు.

"నేనా? నేను తొక్కితే బండి పరిగెత్తితే?"

"ఇంజను ఆపే ఉండాదక్కా. రా, ఎక్కు."

చీర కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కి ఆ ఎడమవైపు సీట్లో కూర్చున్నాను. నా కొడుకు నా కాళ్ల దగ్గర నేలమీద నిలబడి, నూనె డబ్బా పట్టుకుని వంగి ఉన్నాడు. వాడి నెత్తిన సుడి కనిపిస్తోంది. చిన్నప్పుడు నూనె పెట్టిన నెత్తి.

"తొక్కక్కా... పట్టుకో... వదలబాక... ఆ, ఇప్పుడు వదులు."

మొదట్లో నాటు మడిలో కాలు దిగబడ్డట్టు అది మెత్తగా దిగిపోయింది. చక్రం దగ్గర నూనె బుడగలు బుడగలుగా చిమ్ముతోందని కృపాదానం అరుస్తున్నాడు. మళ్లీ తొక్కమన్నాడు. ఒక చక్రం తర్వాత ఇంకో చక్రానికి పోయాడు. నా పిక్కలు లాగేశాయి. ఉన్నట్టుండి నా కాలి కింద అది దిగడం మానేసింది. రుబ్బురోలు మీద కాలు పెట్టినట్టు గట్టిగా నిలిచింది.

"చాలక్కా, తీసేయి."

నేను తీయలేదు.

"అమా, దిగవా?" అన్నాడు కామాక్షయ్య.

"ఇంగోసారి తొక్కనీరా."

వాడు నవ్వలేదు. నూనె చేతులు గోనెకు తుడుచుకుంటూ, అంతకు ముందెప్పుడూ అడగని మాట అడిగాడు. "రేపు రేవుకు పోవచ్చునా మా?"

కాలికింద ఇంకోసారి తొక్కి చూసుకుని "పో. రెండోసారి తొక్కాల్సొచ్చిందంటే మాత్రం ఆ చేపలు ఆడనే పారేసి ఇంటికొచ్చేయ్," అన్నాను. వాడి భుజం పట్టుకుని దిగాను. దిగుతుంటే నా కన్ను ముందు చక్రం టైరు మీద పడింది. అది అరిగిపోయి, అరచేతిలా నున్నగా ఉంది.