గుర్తు లేకుంటే దిగడు

సుందరరాజు సార్ సినిమాలు తీయకముందు మా చేల మీద మందు చల్లే విమానం నడిపేవాడు. వేరుశనగకు ఎర్రగొంగళి పురుగు పట్టిన ఏళ్లలో చేను చివర జెండా పట్టుకుని నిలబడే పని నాది. జెండా చూసుకుని ఆయన కిందికి దిగేవాడు. గుర్తు కనపడకపోతే దిగకూడదు, మళ్లీ పైకి పోవాలి. ఆ కట్టుబాటు ఆయన ఒక్కనాడూ తప్పలేదు.

తరువాత మద్రాసు పోయి సినిమాలు తీశాడు. రెండు ఆడాయి, మూడు పోయాయి. అన్నిట్లో విమానం ఉండేది. అన్నిట్లో తానే నడిపాడు.

1997 మాఘంలో ఇంకో సినిమాకని పాకాల దగ్గరికి వచ్చాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. కెమెరా మీదుగా విమానం బాగా కిందుగా పోవాలి. ఆ చోట జెండా పట్టడానికి నన్నే పిలిపించాడు.

మొదటిరోజు సరిచూసుకోవడానికి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ నా నెత్తి మీదుగానే. పాతరోజుల్లో మనిషికి పదిగజాలు పక్కగా పోయేవాడు. మూడోసారి నేను నేల మీద పడుకున్నాను.

ఆయన దిగాక అడిగాను. "సార్, జెండా ఏం రంగు?"

"ఎరుపు గదా."

నా చేతిలోది పసుపు. దాన్ని దగ్గరికి లాక్కుని చూశాడు. నవ్వాడు.

"ఏడాదికి ఒకసారి నోరు తెరుస్తావు. తెరిస్తే ఇట్లాంటిది అడుగుతావు. ఇంట్లో ఆమెకు చెప్పొద్దబ్బా. రేపు జెండా వద్దు, పచ్చిగడ్డి కాల్చు. పొగ అయితే నాకు కనిపిస్తాది."

సాయంత్రం, ఆయన వెంట వచ్చిన భార్య నిర్మలమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఆదిమూలం, ఆయన కండ్లు ఎట్లుండాయి? నాకు చెప్పడు."

"బాగుండాయమ్మా" అన్నాను.

అన్నప్పుడే అనుకున్నాను, పొగ పెట్టకూడదని. గుర్తు లేకుంటే దిగడు. రెండు చుట్లు తిరిగి, నన్ను తిట్టుకుంటూ వెనక్కి పోతాడు. ప్రాణం దక్కుతుంది.

తెల్లవారి గడ్డి కుప్ప వేసి, అగ్గిపెట్టె రొండిన దోపుకుని నిలబడ్డాను. విమానం వచ్చింది.

"ముట్టించు పెద్దాయనా" అన్నాడు కెమెరా చక్రధర్.

"తడిగా ఉండాది."

"నిన్న సాయంత్రం నుంచి ఏం చేస్తాంటివి, దానికి నీళ్లు పోస్తాంటివా?"

విమానం ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు. రెక్క వాల్చి వెతుకుతున్నాడు. తరువాత తూర్పుకు మళ్లాడు. పోతున్నాడులే అనుకున్నాను.

"ఆడికెందుకు దిగతా ఉండాడు?" అన్నాడు చక్రధర్.

చూశాను. అరమైలు అవతల చెరకు తోటలు. బెల్లం వండే కాలం. ఎవరో అప్పుడే పొయ్యి రాజేసినట్టున్నారు, తెల్లటి పొగ నిట్టనిలువుగా లేస్తూంది. దాని ముందర బోరుకు పోయే కరెంటు తీగలు.

సార్ ఆ పొగకు ఎదురుగా వరుస సరిచేసుకున్నాడు. మా చేను మీదికి వచ్చినట్టే, తొణక్కుండా.

అగ్గిపుల్ల గీశాను. ఆరిపోయింది. ఇంకోటి గీశాను. గడ్డి అంటుకుంది. పొగ మనిషెత్తు లేచింది, తాటిచెట్టంత లేచింది. విమానం తిరగలేదు.

శబ్దం ఉన్నట్టుండి ఆగిపోయింది. చక్రధర్ తీగల వైపు పరుగెత్తాడు. నేను అగ్గిపెట్టె పట్టుకుని పొగ పక్కనే నిలబడ్డాను.