పేర్లు రాయని పుస్తకం

మా రత్నాలుకి ఉద్యోగం వచ్చిందని తెలిసి నేను మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఉద్యోగం అరకు కొండల్లో. మన్నెం జ్వరం సంగతి సాలూరులో పుట్టినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. కండపుష్టితో కొండెక్కినవాళ్లు పచ్చబడిపోయి, పొట్టలు ఉబ్బి దిగిరావడం చిన్నప్పట్నించీ చూస్తున్నదాన్ని.

రత్నాలు నా ఒక్కగానొక్క కూతురు. పదమూడేళ్లకే దాని పసుపుకుంకాలు పోయాయి. వాళ్ల నాన్న బడిపంతులు. ఆయన బతికుండగానే, ఎవరెన్ని అన్నా వినకుండా, దాన్ని మద్రాసులో ఒక సేవాసదనంలో చేర్పించారు. ఇంటింటికీ వెళ్లి కడుపుతో ఉన్నవాళ్లనీ పసిపిల్లలనీ చూడడం, వాళ్ల కష్టం తెలుసుకుని రాసుకోవడం, మళ్లీ వెళ్లి ఏమయిందో కనుక్కోవడం అక్కడ నేర్పుతారు. అదొక విద్యట. దానికి పరీక్ష కూడా ఉంది, మా అమ్మాయి ప్యాసయింది.

విజయనగరంలోని ఒక స్త్రీల సంఘం వాళ్లు జీతమిచ్చి దీన్ని కొండలకి పంపిస్తామన్నారు. మా మరిది వరహాలరావుకి అది ఎంతకీ మింగుడుపడలేదు.

"పుణ్యానికి చేసే పనికి జీతమేటి వదినా? రేపు దేవుడికి దండం పెట్టడానిక్కూడా జీతం అడుగుతుంది నీ కూతురు."

రత్నాలు నవ్వింది. "పుణ్యానికి వెళ్లినవాళ్లు విసుగేస్తే వచ్చేస్తారు బాబాయ్. జీతం తీసుకున్నవాళ్లు విసుగేసినా మర్నాడు పనిలోకి వెళ్లాలి."

అంతా అయ్యాక, దాన్ని ఒంటరిగా పంపలేక నేనూ బండెక్కాను. పందొమ్మిది వందల ఇరవయ్యారు, దసరాలు వెళ్లిన వారం. అనంతగిరి ఘాటీ ఎక్కుతున్నంతసేపూ ఏ పొదలోంచి పులి వస్తుందోనని కళ్లు మూసుకునే కూచున్నాను. సంఘం వాళ్లు మూడు నెలల గడువు పెట్టారు. ఈలోగా కొండ ఆడవాళ్లు మా అమ్మాయి దగ్గరికి వస్తే ఉద్యోగం నిలుస్తుంది. రాకపోతే ఇద్దరం ఇంటికి వెళ్లిపోవడమే.

మేం చేరిన కొండ ఊళ్లో మొదటి రోజు అందరూ వచ్చారు. మా ఇత్తడి బిందె చూశారు, రత్నాలు జాకెట్టు చేతులు పట్టుకుని చూశారు. రత్నాలు అరుగు మీద కూచుని, నేర్చుకున్నట్టే, పుస్తకం తెరిచి పెన్సిలు తీసి ఒక్కొక్కరి పేరూ మొగుడి పేరూ ఎన్నో నెలో అడిగింది. మర్నాడు ఒక్కరూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. ఇది వాళ్ల ఇళ్లకి వెళ్తే తలుపులు మూసుకునేవారు. నెల గడిచింది, రెండో నెలా సగం అయిపోయింది.

నాతో మాత్రం చిన్నమ్మి మాట్లాడేది. ఎనిమిదో నెల కడుపుతో ఉంది, ఊట దగ్గర నీళ్లకి వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక, మా అమ్మాయి చేసిన తప్పేమిటని అడిగాను.

"నువ్వు మంచిదానివే అమ్మా. నీ కూతురు గుంటా మంచిదే. ఆ పుస్తకమే మంచిది కాదు" అంది చిన్నమ్మి.

పోయినేడు ఒక మనిషి ఇలాంటి పుస్తకంతోనే వచ్చాడట. నవ్వుతూ కబుర్లాడుతూ మగవాళ్ల పేర్లు రాసుకున్నాడట. వారం తిరక్కుండా ఆ పేర్లు పిలిచి అందర్నీ రోడ్డు పనికి వెట్టికి తోలుకుపోయారు. చిన్నమ్మి తమ్ముడు గాసి పేరు కూడా అందులో ఉంది. జ్వరంతో తిరిగొచ్చి నాలుగు రోజులే బతికాడు.

"వాడి పేరు చెప్పింది నేనే. ఇప్పుడు కడుపులోది కూడా రాయించమంటావా?" అంది.

బిడ్డల గురించి ఎప్పుడూ చెడే ఊహించుకునేది లోకంలో నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

ఇంటికి వచ్చాను గానీ ఈ సంగతి రత్నాలుకి చెప్పలేదు. చెబితే పని చక్కబడుతుంది. చక్కబడితే ఇది ఈ కొండల్లోనే ఉండిపోతుంది. చెప్పకపోతే ఆరు వారాల్లో నా బిడ్డని క్షేమంగా దింపుకుపోతాను. ఎనిమిది రోజులు నోరు మూసుకున్నాను. తల్లిని కనక తప్పులేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున్న ఎండలో కూచోబెట్టి దానికి తలంటడానికి నూనె రాస్తున్నాను. అది తల ఎత్తకుండానే అంది.

"నాకీ పని చేతకాదమ్మా. చేతకాని పనికి జీతం తీసుకోకూడదు. ఇవాళ అచ్చియమ్మ గారికి ఉత్తరం రాసేస్తాను."

అచ్చియమ్మ గారు సంఘం పెద్ద. నేను కోరుకున్నది అదే, ఆ ఉత్తరమే. కానీ చేతకాదన్న ఆ మాట నా బిడ్డ నోట విని ఓర్చుకోలేకపోయాను. మొగుడు పోయిన ఏడు కూడా ఆ పిల్ల తన గురించి అలా అనుకోలేదు. ఉన్నదంతా చెప్పేశాను.

"నీకెప్పట్నించి తెలుసు?"

"ఎనిమిది రోజులయింది."

నా చేతులు దాని తలమీదే ఆగిపోయాయి.

"మాడు మీద ఇంకాస్త రాయి. బేగి రాయి, చిన్నమ్మి దగ్గరికి వెళ్లాలి" అంది.

పుస్తకం లేకుండా వెళ్లింది. నెలలు మీరెలా గుర్తుపెట్టుకుంటారని చిన్నమ్మినే అడిగింది. పండగ ఇంకెన్ని రోజులుందో కబురంపేటప్పుడు నారతాడుకి రోజుకొక ముడి వేసి పంపడం అక్కడి అలవాటు. చిన్నమ్మి అలాంటి తాడే తీసి ఎనిమిది ముళ్లు వేసి తలుపు పక్కన కట్టుకుంది. నెల గడిస్తే తనే ఇంకో ముడి వేసుకునేది. ఒకరిని చూసి ఒకరు కట్టుకోగా తొమ్మిది ఇళ్లకి తాళ్లు వచ్చాయి. రత్నాలు ముళ్లు చూసి పలకరించేది, పురుళ్లప్పుడు మంత్రసాని సోములమ్మ పక్కన కూచుని ఆవిడ చేతులకి వేణ్నీళ్లు పోసేది. ఆవిడ చేత తిట్లు కూడా తినేది.

గడువు దగ్గరపడ్డాక, పుష్యమాసం చలిలో అచ్చియమ్మ గారు డోలీలో వచ్చారు. పుస్తకం అడిగి తిరగేశారు. కొట్టేసిన మొదటి పేజీ తప్ప అంతా తెలుపే.

"పేర్లు లేకపోతే పని జరిగిందని సంఘంలో ఎవరు నమ్ముతారమ్మా?"

"పేర్లు రాస్తే పని జరగదండి. ఎన్ని ఇళ్లో, ఏం చేశామో రాస్తాను. ఎవరన్నది మాత్రం రాయను. అందుకు ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి."

నా భయం తీసేస్తారనో, తీసెయ్యరనో నాకే తెలీలేదు.

ఆవిడ కోపంగానే లేచి ఇళ్లు చూడ్డానికి బయల్దేరారు. చిన్నమ్మి ఇంట్లో ఆరు రోజుల ఆడపిల్ల. ఆవిడ తల్లి పక్కన చాపమీద అలాగే కూచుని, పిల్లని ఒళ్లోకి తీసుకుని, అలవాటుగా పేరేమిటని అడిగారు. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఒకడుగు వెనక్కి వేశారు. అచ్చియమ్మ గారు వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ చూశారు. రెండోసారి అడగలేదు.

సాయంత్రం ఉద్యోగం ఏడాదికి పొడిగిస్తూ కాగితం రాసిచ్చారు. డోలీ వెనక బండి ఖాళీగా దిగుతుంది, మీరూ రండి అని నన్ను పిలిచారు. మూట కట్టుకున్నదాన్ని మళ్లీ విప్పేశాను. వానలు వెళ్లాక వస్తానన్నాను.

రత్నాలు నా వైపు వింతగా చూసింది.

"జ్వరాలొచ్చేది వానల్లోనే కదమ్మా?"

"అందుకేనే" అన్నాను.