ప్రేమానందం గారి డౌటు

అమెరికాలోని ట్రాయ్‌లో ప్రేమానందం రోజూ ఏడింటికి ఉప్మా డబ్బా పట్టుకుని కార్ల కంపెనీకి వెళ్తాడు. ఎనభై నాలుగు మార్చిలో మాత్రం అదే డబ్బాతో వారం రోజులు కౌంటీ కోర్టుకి వెళ్లాడు. కిందటేడే సిటిజన్ అయ్యాడు మరి. కేసు విని తీర్పు చెప్పే జ్యూరీకి రమ్మని ఉత్తరం వస్తే ఊళ్లోవాళ్లు లేని జబ్బులన్నీ చెప్పి తప్పించుకుంటారు. ఈయన కొత్త టై కొనుక్కున్నాడు.

ఆయనకో పిచ్చుక ఉంది. డౌటు వచ్చినప్పుడల్లా చొక్కా జేబులోంచి వచ్చి, జవాబు దొరికేదాకా భుజం మీద కూర్చుంటుంది. తెలుగు చర్చిలో పాస్టర్ ఆమోసు గారు ప్రసంగం మధ్యలో దాన్ని చూస్తే, "బ్రదర్, భోజనాల దగ్గర అడుగుదురుగాని" అంటారు. అడిగితే ఆయనకూ తెలీదనుకోండి, అది వేరే సంగతి.

"కేసేంటండీ?" అని భార్య విమలకుమారి రోజూ అడిగేది.

"చెప్పకూడదు విమలా. జడ్జిగారి ఆర్డరు."

"నేనెవరితో అంటాను?"

ప్రేమానందం ఫోను పక్కనున్న చర్చి డైరెక్టరీ వైపు చూశాడు.

హోటల్లో గిన్నెలు కడిగే వాల్టర్ జనవరిలో ఒకరింట్లో దొంగతనం చేశాడని కేసు. పక్కింటావిడ సాక్ష్యం చెప్పింది: పొద్దుననగా పెరట్లో దుప్పటి ఆరేసిందట, మధ్యాహ్నం గాలికి అది రెపరెపలాడి పక్కకి తొలగిందట, కిటికీ దూకుతున్న వాల్టర్ ముఖం కనిపించిందట. వాల్టర్ తల్లి రోజూ వెనక బెంచీలో కొడుకు కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. వదిలేస్తే బయట చలేస్తుందని.

చివరిరోజు పన్నెండుమంది జ్యూరీనీ గదిలో కూర్చోబెట్టారు. అందరిదీ ఒకే మాట కావాలి. జ్యూరీ పెద్దగా ఎన్నికైన రిటైర్డ్ టీచరమ్మ, "గిల్టీ అనేవాళ్లు చేతులెత్తండి" అంది. పదకొండు చేతులు లేచాయి. కొత్త సిటిజన్‌కి గొడవెందుకని ప్రేమానందమూ ఎత్తబోయాడు. పిచ్చుక వచ్చి ఆ చేతిమీదే కూర్చుంది.

"ఐ హావ్ ఎ డౌట్," అన్నాడు.

గుంటూరు కాలేజీలో ఆ మాటకి అర్థం, సార్, ఒకటి అడగొచ్చా అని. అంతే. కానీ డౌటుంటే శిక్ష వేయకూడదని జడ్జి అరగంట చెప్పి పంపాడు. బౌలింగ్ ఆటకి టైమవుతోందని వాచీ చూసుకుంటున్న ఒకాయన తల పట్టుకున్నాడు.

"రీజనబుల్ డౌటేనా?" అంది టీచరమ్మ.

"వెరీ స్మాల్, మేడమ్," అన్నాడు ప్రేమానందం కంగారుగా. "మేం వచ్చిన మొదటి జనవరిలో మా ఆవిడ నా పంచె బయట ఆరేసింది. గంటలో గడ్డకట్టి చెక్కలా బిగుసుకుపోయింది. లోపలికి తెస్తే గోడకానుకుని మనిషిలా నిలబడింది. ఆ దొంగతనం రోజున చలికి తన కారే స్టార్ట్ కాలేదని పోలీసాయన మొన్న సాక్ష్యంలో అన్నాడు. మరి పక్కింటావిడ దుప్పటి ఎలా ఎగిరింది?"

పిచ్చుక బల్లమీదికి దిగి ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వెళ్లింది. పదకొండుమందీ మిషిగన్‌లో పుట్టి పెరిగినవాళ్లే. అందరిళ్లలోనూ బట్టలారబెట్టే డ్రయ్యర్లున్నాయి, పాపం. మొదట బౌలింగాయనే "నాట్ గిల్టీ" అన్నాడు. సాయంత్రానికి పన్నెండుమందిదీ అదే మాట.

తీర్పు చదివాక తల్లి వాల్టర్‌కి కోటు తొడిగింది. ముప్పై ఏళ్లవాడికి గుండీలు కూడా తనే పెట్టింది. పిచ్చుక ఎగిరి వెళ్లి ఆ కోటు జేబులో దూరింది. తల్లి జేబు మూత సర్ది కొడుకుని బయటికి నడిపించుకుపోయింది.

ఇంట్లో విమలకుమారి భర్త భుజం వైపు చూసింది. "పిట్టేదండీ?"

"వదిలేశాం," అన్నాడు ప్రేమానందం, కళ్లు తుడుచుకుంటూ. "ఇక చెప్పొచ్చు, కూర్చో. అంతా నువ్వారేసిన పంచె గురించే."

విమలకుమారి ఫోను దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.