నీవెస్ వండిన చప్పిడి చారు

ఎస్మెరాల్దాస్ అనే రేవుపట్నం చేపల బజారులో మధ్యాహ్నమయ్యేసరికి ఓబ్దూలియా భోజనాల బల్ల దగ్గర నిలబడటానికి చోటుండేది కాదు. కొబ్బరిపాలలో ఆమె ఉడికించే చేపల కూర కోసం పడవలవాళ్లు వేట సగంలో వదిలేసి ఒడ్డుకొచ్చేస్తారని చెప్పుకునేవారు. చేతికి ఎంత పేరుందో నోటికీ అంతే పేరుంది. ముప్పయ్యేళ్లుగా ఆ నోటికి దొరికిపోతున్నది ఆడపడుచు నీవెస్. కుట్టుమిషను మీద బతికే నీవెస్, రక్తపోటున్న తల్లికి పన్నెండేళ్లు చప్పిడి తిండి వండి వండి, తల్లి పోయాక కూడా వంటలో ఉప్పు వెయ్యడం మరిచిపోయేది.

"నీ చారులో కోడి మునిగిందా, ఒడ్డున నిలబడి చూసి వెళ్లిపోయిందా?" అని ఓబ్దూలియా నలుగురిలో అడిగేది. నీవెస్ నవ్వేసేది.

యాభై ఆరో ఏట ఓబ్దూలియాకు రొమ్ము కాన్సర్ వచ్చింది. ఆపరేషనుకు భయపడలేదు. జుట్టు ఊడితే పసుపురంగు గుడ్డ చుట్టుకుని, "దువ్వుకునే పని తప్పింది" అంది. ఆమె ఓడిపోయింది తిండి దగ్గర. రెండో కీమో తర్వాత ఏది నోట పెట్టినా ఇనుప మేకు చప్పరించినట్టే ఉండేది. ఉల్లిపాయ వేగే వాసన తగిలితే వీధిలోకి పరుగెత్తేది. పడవలు చేసే వడ్రంగి అయిన భర్త ఎవారిస్తో, ఆమె చెప్పిన కొలతలన్నీ తప్పకుండా వేసి ఓ రోజు చేపల కూర వండాడు. ఆమె ఒక్క ముద్ద తిని కళ్లు మూసుకుంది.

"బాగోలేదా?"

"నీ వంటకేం, బాగానే ఉందయ్యా. నా నాలుకే నాది కాదు."

ఆసుపత్రిలో తూకం చూస్తే నాలుగు కిలోలు తగ్గింది. తిండి సంగతులు చూసే డాక్టరమ్మ, "చల్లార్చుకుని కొంచెం కొంచెంగా, ఏది దిగితే అది తినండి" అంది. ఏదీ దిగడం లేదని చెప్పడానికి ఓబ్దూలియాకు సిగ్గేసింది. ఊరంతటికీ కడుపు నింపిన మనిషాయె.

మర్నాడు నీవెస్ మూతగిన్నెలో చారు తెచ్చి పెట్టి వెళ్లింది. కోడిమాంసం, కర్రపెండలం మెత్తగా ఉడికించి చల్లార్చిన చారు.

"తీసుకెళ్లి కోళ్లకు పొయ్యి" అంది ఓబ్దూలియా మొగుడితో.

"కోడిచారు కోళ్లకా? పాపం తగుల్తుందే" అంటూ అతను పనికెళ్లిపోయాడు.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె మూత తీసింది. వాసనే లేదు. ఒక చెంచా మింగింది. ఇనుము తగల్లేదు, కడుపు తిరగలేదు. ఇంకో చెంచా, ఇంకోటి. కాసేపటికి గిన్నె అడుగు కనబడింది. మూడు రోజులు ఇలాగే సాగింది. ఖాళీ గిన్నె తిరిగిస్తూ, "పిల్లి తిన్నదిలే" అనేది.

నాలుగో రోజు నీవెస్ మరిచిపోయిన కళ్లద్దాల కోసం వెనక్కొచ్చి, ఓబ్దూలియా చెంచాతో చారు తాగుతుంటే చూసింది.

"మీ పిల్లి చెంచాతో తింటుందా వదినా?"

ఓబ్దూలియా మూతి తుడుచుకుంది. "నీ చారుకు రుచీ లేదు, వాసనా లేదు. అందుకే దిగుతోంది. పొగిడాననుకునేవు."

"ముప్పయ్యేళ్లలో నా వంటను ఇంత బాగా ఎవరూ పొగడలేదు" అంటూ నీవెస్ పక్కన కూలబడింది. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే ఓబ్దూలియాకు ఏడుపొచ్చింది.

"వండలేక, తినలేక... ఇంక నేనెందుకే?"

"ఇన్నాళ్లూ అందరికీ వడ్డించావు. కొన్నాళ్లు కూర్చుని తిను. అదీ ఒక పనే."

అప్పట్నుంచి రోజుకు ఆరుసార్లు చిన్న గిన్నెలు వచ్చేవి. మూడో వారానికి నాలుక కాస్త తేరుకునేది, మళ్లీ కీమో పడగానే మొద్దుబారేది. తేరుకున్న రోజుల్లో ఓబ్దూలియా వంకలు పెట్టేది. మొద్దుబారిన రోజుల్లో మాట్లాడకుండా తాగేది.

ఐదో కీమోకు నీవెస్‌ను తోడు తీసుకుని వెళ్లినప్పుడు రెండు కిలోలు పెరిగింది. మందు ఎక్కించే గదిలో పక్క కుర్చీలో ఉన్నామె ఏం తింటున్నావని అడిగింది. ఓబ్దూలియా చూపుడువేలు నీవెస్ వైపు తిప్పింది. జీవితంలో మొదటిసారి నీవెస్‌ను ఒకరు వంట చెప్పమన్నారు. ఆమె లేచి నిలబడి, గౌను సర్దుకుని, ఆ గదిలోని ఐదుగురు ఆడవాళ్లకూ మొదట్నుంచి చెప్పింది. ఓబ్దూలియా నోరు మూసుకుని వింది. చివర్లో మాత్రం ఉండబట్టలేక, "ఉల్లిపాయ వేయించకండి. ఊరికే నీళ్లలో ఉడకనివ్వండి" అంది.

ఇంటికి బస్సులో వస్తుంటే వంతెన దాటాక ఆమె నీవెస్ మోచెయ్యి పట్టుకుంది.

"నాకు ఆకలేస్తోందే."

"ఏమన్నావ్?"

"ఆకలి. నిజం ఆకలే."

నీవెస్ వెంటనే లేచి డ్రైవరు వీపు తట్టింది.

"ఇక్కడ ఆపకూడదమ్మా."

"మా వదినకు ఆకలేస్తోందయ్యా. ఆకలన్నది లేక రెండు నెలలైంది. ఆపు."

ఆపాడు. ఇద్దరూ దిగారు. రోడ్డు పక్కన కొబ్బరిబోండాలవాడు ఒకటి కొట్టిచ్చాడు. ఓబ్దూలియా నీళ్లన్నీ తాగి, లేతకొబ్బరి గీకించుకుని నెమ్మదిగా నమిలింది.

"కొంచెం తుప్పు తగులుతోంది" అంది. "అయినా తియ్యగానే ఉంది."

బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. మళ్లీ అరగంటకు గాని ఇంకోటి రాదు.

"నడుద్దామా వదినా?"

"కూర్చో. ఇంకోటి కొట్టమను. నీకూ ఒకటి."