తెలిశాక రమ్మన్నారు

గిలక కీచుమంది. బొక్కెన పైకి రాగానే జకరయ్య అందుకుని, నాలుగడుగులు నడిచి, సిమెంటు తొట్టిలో గుమ్మరించి, మళ్లీ నూతి దగ్గరికొచ్చాడు. తెల్లవారినప్పటి నుంచీ ఇదే పని. మోటారు కాలిపోయింది. బాగుచేసేవాడు ఇవాళ రేపు అంటూ తిప్పుతున్నాడు. ఆదివారం ఎవరి కోసమూ ఆగదు కదా.

పూర్వం ఈ పేట బాప్టిస్టు గుడి వాళ్లు బాప్తిస్మాలకి చంపావతి ఏటికి పోయేవారు. ఇప్పుడు నెల్లిమర్ల దగ్గర ఆ ఏట్లో మోకాలు తడవడమే గగనం. మనిషి నిండా మునగకపోతే బాప్టిస్టులకి అది బాప్తిస్మమే కాదాయె. అందుకని గుడి పెరట్లో నడుంలోతు తొట్టి కట్టారు. దాన్ని పాచి లేకుండా తోమడం, నింపడం, అంతా అయ్యాక తూము తీసి నీళ్లు అరటిచెట్లకి మళ్లించడం జకరయ్య పని. ఎవరూ అప్పగించలేదు. చేస్తూ ఉన్నాడు కాబట్టి అతనిదైపోయింది.

మనిషి సన్నం. జూట్ మిల్లులో ఏళ్ల తరబడి నార మోసి మోసి ఒక భుజం కిందికి దిగిపోయింది. గుండెల్లో చేరిన దుమ్ము దగ్గై బయటికొస్తుంది గానీ ఎంతకీ తరగదు. పెద్దగా నవ్వడు, అలాగని మూతి ముడుచుకునీ ఉండడు. అతని గురించి అడిగితే పేటలో ఎవరైనా సరే మంచోడు అని ఊరుకుంటారు. అంతకుమించి చెప్పడానికి ఏం దొరకదు పాపం.

అతని బాధ కూడా అదే. ఆ గుడిలో సాక్ష్యం లేనివాళ్లు లేరు. ఒకరికి కలలో వెలుగు కనబడింది. ఇంకొకరికి డాక్టర్లు చేతులెత్తేశాక జబ్బు నయమైంది. దేవుడు తమని ఎప్పుడు రక్షించాడో లేచి నిలబడి తారీఖుతో సహా చెబుతారు. జకరయ్య ఇంట్లో తాతల నాడే బైబిలుంది. తాగలేదు, తగువులాడలేదు, పారిపోలేదు. పారిపోనివాడు తిరిగొచ్చానని ఎలా చెబుతాడు? మీసాలు మొలుస్తున్న రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వెళితే, రక్షణ ఎప్పుడు పొందావని అప్పటి పాస్టరు అడిగారు. తెలీదండి అన్నాడు. తెలిశాక రా అన్నారాయన. దురుసుగా కూడా అనలేదు. తర్వాత ఆయన బదిలీ అయి వెళ్లారు, కొన్నాళ్లకి కాలం చేశారు కూడా. జకరయ్య మాత్రం ఆ మాట పట్టుకుని, తెలియడం కోసం కూర్చున్నాడు. మొద్దుతనం అందామా, నిజాయితీ అందామా? రెండూనేమో.

ఉపవాసాలుండి చూశాడు. ఉజ్జీవ సభల్లో జనం వెక్కి వెక్కి ఏడుస్తుంటే తన కళ్లెప్పుడు చెమరుస్తాయా అని కాచుక్కూర్చున్నాడు. ఒకసారి నిజంగానే నీళ్లు కారాయి. దేవుడు నిన్ను తాకాడని పక్కాయన భుజం తట్టబోతే, కాదండీ, నార దుమ్ము అన్నాడు. తలూపి ఉంటే ఆ ఏడే పనైపోయేది. ఈలోగా పెళ్లయింది, పిల్లలు పుట్టారు, తను నింపిన నీళ్లలోనే వాళ్ల బాప్తిస్మాలూ అయ్యాయి. దగ్గు వల్ల అతనూ, కాళ్లనొప్పుల వల్ల భార్య స్వర్ణా వెనక బెంచీ మీద కూర్చుంటారు. బాప్తిస్మం కానివాళ్లు ప్రభువు బల్ల రొట్టె తీసుకోకూడదు. నెలకోసారి అది వరసలో వచ్చినప్పుడు, ఆమె తన ముక్క తీసుకుని పళ్లెం అతన్ని దాటించి అవతలివాళ్లకి అందిస్తుంది. ఆమె ఎన్నడూ ఒక్క మాటా అనలేదు. అతనే నిద్ర పట్టక దొర్లుతుంటాడు. దేవుడు పిలిచినవాళ్లలో నేనున్నానా, లేనా? స్వర్ణ పోయే చోటికి నన్ను రానిస్తారా? అరవై దాటాక ఇది ఊరికే వచ్చే ఆలోచన కాదు.

బొక్కెన మళ్లీ దింపుతుంటే సాలూరు లారీ డ్రైవరు రాబర్ట్ వచ్చాడు. ఇవాళ బాప్తిస్మం అతనికే. గున్న ఏనుగంత మనిషి, కాలు కాలిన పిల్లిలా తొట్టి చుట్టూ తిరుగుతూ తన సాక్ష్యం ఒకసారి చెప్పి చూసుకున్నాడు. తాగి ఒడిశా ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకులు పోవడం, లోయ అంచున బండరాయికి ఆనుకుని లారీ ఆగడం, అక్కడే మోకాళ్ల మీద పడడం. తారీఖు, టైము అన్నీ ఉన్నాయి. వింటుంటే జకరయ్యకి అసూయ కలగలేదు, ఒళ్లు గగుర్పొడిచింది. దేవుడు తలుచుకుంటే ఇలాంటివాణ్ని కూడా వదలడు కదా అనుకున్నాడు.

మాటల్లో మాటగా రాబర్ట్, "నీదెప్పుడయినాది మావా?" అన్నాడు.

"నాకవలేదు. రక్షణ ఎప్పుడు పొందినానో నాకు తెలీదు. తెలిసినాక రమ్మన్నారు."

గోడ నీడన పీట మీద కూర్చున్న ఏసమ్మ తలెత్తింది. ఆమె జకరయ్య మేనత్త. మిషను ఆస్పత్రిలో ఆయాగా చేసి, పేటలో సగంమందికి బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. ఇన్నేళ్లూ మేనల్లుడు మొండితనం కొద్దీ మునగడం లేదనుకుంది. అసలు కారణం ఇవాళే చెవిన పడింది. ఇలా రమ్మని సైగ చేసి, నువ్వెప్పుడు పుట్టావురా అని అడిగింది. ఆధార్ కార్డులో జనవరి ఒకటని ఉందన్నాడు. పేటలో ముసలివాళ్లంతా జనవరి ఒకటినే పుట్టారు మరి, రాసుకునేవాళ్లకి అదే తేలిక.

"కాదు. జడివాన రోజు, దీపాలెట్టే యేళ. పుట్టినోడికేటి తెలస్తాదిరా? కన్నోళ్లకి తెలస్తాది," అంది ఏసమ్మ. "నీకు కాళ్లు ముందొచ్చినాయి. ఒళ్లంతా కమిలిపోనాది, ఏడుపు లేదు. సచ్చిపోనాడని నర్సమ్మ పక్కనెట్టీసినాది. మీయమ్మకి తెలివి తప్పిపోనాది. ఏటి సెయ్యాలో తెలీక నాను నిన్ను ఒళ్లో ఏసుకుని కూకున్నాను. అప్పుడు ఊపిరొచ్చినాది. నువ్వు తెచ్చుకున్నావేటి? నాను తెచ్చినానేటి? వొచ్చినాది. అప్పట్నుంచీ పీలుస్తన్నావు."

ఈ సంగతి అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. తన ఊపిరి తనకే వినిపించింది, పిల్లికూతలతో, లోపలికీ బయటికీ. దీన్ని ఏ రోజూ అడగలేదు. మిల్లులో యంత్రం బెల్టు తన తువ్వాలును లాక్కుపోయి మనిషిని వదిలేసిన రోజుంది. లాకౌటు నెలల్లో తోటివాళ్లు సారా కొట్టు దారి పడితే, తనకి అటు పోవాలనే అనిపించలేదు. అది తన మంచితనమే అనుకున్నాడు, సాక్ష్యానికి పనికిరాని సంగతనుకున్నాడు. పట్టుకున్న చెయ్యి ఒక్కసారీ వదలకపోతే, ఎప్పుడు పట్టుకుందో పిల్లాడికేం తెలుస్తుంది? అంత పెద్దాయన ఇంత చిన్నమనిషిని ఇన్నేళ్లూ అడక్కుండానే మోశాడే అనుకునేసరికి భయమేసింది. నూతిగట్టు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి మిగిలిన నీళ్లు తోడాడు.

ఆరాధన మధ్యలో అందరూ పెరట్లోకి వచ్చారు. రాబర్ట్ మునిగి లేచేసరికి నీళ్లు గట్టు దాటి జనం కాళ్లు తడిపాయి. అందరూ నవ్వుకున్నారు. కుర్ర పాస్టరు అలవాటు కొద్దీ, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి తొట్టిలోంచి బయటికి రాబోయారు. జకరయ్య ముందుకొచ్చాడు. తూము తియ్యడానికి వస్తున్నాడనుకుని జనం దారి ఇచ్చారు.

"నాకియ్యండి అయ్యగారూ," అన్నాడు.

ఈయనకి ఎప్పుడో అయిపోయిందనే పాస్టరు ఇన్నాళ్లూ అనుకున్నారు. తేరుకుని, ఎప్పటి నుంచి నమ్ముతున్నారని అడిగారు. అలా అడగడం రివాజు.

"నాకు తెలీదండి. ఆయనకి తెలుసు."

పాస్టరు చెయ్యి చాపారు. తెల్లబట్టలు లేవే అని ఎవరో గొణిగారు. రాబర్ట్ తన ఒంటి మీది తడిచొక్కా విప్పి జకరయ్యకి తొడిగాడు. అది మోకాళ్ల దాకా వచ్చింది. చేతులు వేళ్లు దాటి వేలాడాయి. అలాగే దిగాడు. తను తోడిపోసిన నీళ్లే, అయినా ఎవరో తన కోసం ఎప్పుడో సిద్ధం చేసి ఉంచినట్టు అనిపించింది. వీపు కింద పాస్టరు చెయ్యి ఆనింది. ఆకాశం కనిపించింది, ఆ తర్వాత కనిపించలేదు. లేచినప్పుడు ఊపిరి పెద్దగా వచ్చింది, దానితోపాటు ఏడుపూ వచ్చింది. పుట్టినప్పుడు ఏడవనోడు ఇప్పుడేడుస్తున్నాడు చూడండర్రా అంటూ ఏసమ్మ తనూ ఏడ్చింది.

లోపల బల్ల దగ్గర ప్రార్థన అయ్యాక రొట్టె పళ్లెం వెనక బెంచీ దాకా వచ్చింది. స్వర్ణ చెయ్యి అలవాటు ప్రకారం అతన్ని దాటించబోయింది. జకరయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపి, ఒక ముక్క తీసుకున్నాడు. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. అతను చాలాసేపు నమిలాడు.

అందరూ వెళ్లాక చొక్కా జాడించి దండెం మీద ఆరేసి, గుడి అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. కాస్త ఆయాసంగా ఉంది, నువ్వు పద, వస్తానని స్వర్ణతో అన్నాడు. అన్నం చల్లారిపోతున్నా రాకపోయేసరికి ఆమె వెతుక్కుంటూ వచ్చింది. గోడకి తల ఆనించి కూర్చునే ఉన్నాడు. పిలిచింది, తట్టింది. ఊపిరి లేదు. ఏసమ్మ వచ్చి అతని మొహం మీద చెయ్యి వేసి రెప్పలు మూసింది. ఎప్పుడు పోయాడని అందరూ అడిగారు. తెలీదంది స్వర్ణ.

అతన్ని ఇంటికి మోసినవాళ్లలో రాబర్ట్ కూడా ఉన్నాడు. తన చొక్కా సంగతి అడగలేదు. గుడి పెరట్లో ఎవరూ లేరు. దండెం మీద ఆ పెద్ద తెల్లచొక్కా చేతులు రెండూ కిందికి వదిలేసి వేలాడుతోంది, అంచు నుంచి ఇంకా ఒక్కో బొట్టూ రాలుతోంది.