వీపున క్లిప్పులున్న జెర్సీ

నేను ఒక ఫుట్‌బాల్ జెర్సీని. ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నాకు అంటిన చెమటంతా భయంతో పట్టిందే, పరుగుతో పట్టింది కాదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను. గోల్స్ కథలు కావలసినవాళ్లు ఇక్కడే లేచి వెళ్లవచ్చు.

అల్లిక మిల్లులో పుట్టాను. నాతో పాటు ఒకే తాను నుంచి కోసిన తోటి జెర్సీలు బురదలో పొర్లాయి, మోచేతుల దగ్గర చిరిగాయి, ఉతికి ఉతికి రంగు పోగొట్టుకున్నాయి. నేను మాత్రం మరీ పెద్ద సైజులో పుట్టాను. అంత ఒళ్లున్న ఆటగాడు హైదరాబాదు మూసీ రోవర్స్ క్లబ్బులో ఎవడూ లేడు. వెనక్కి పంపడానికి బద్ధకించి క్లబ్బువాళ్లు నాకొక ఉద్యోగం కనిపెట్టారు.

ఏటా కొత్త జెర్సీలు మిల్లు నుంచి రాకముందే లీగ్‌లోని క్లబ్బులు ఒకచోట కూర్చుని ఆటగాళ్లను పంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. దక్కినవాడికి క్లబ్బు జెర్సీ తొడిగి ఫొటో తీయాలి. సన్నవాడైనా లావువాడైనా పట్టే చొక్కా ఒక్కటుంటే చాలు. అదే నేను. క్లబ్బు సామాను చూసే లాజరస్ నన్ను తొడిగి, వీపు వెనక మిగిలిన గుడ్డను మడిచి, బట్టలారేసే క్లిప్పులు పెడతాడు. ముందు నుంచి చూస్తే కొలత తీసి కుట్టినట్టుంటాను. ఫొటో కాగానే విప్పి ఇంకొకడికి తొడుగుతారు. లోకం చూసేది ముందువైపే.

డ్రాఫ్టులు రెండు. మొదటిది కుర్రాళ్లకు. దానికి లైట్లుంటాయి, పూలగుత్తులుంటాయి, తల్లులు కన్నీళ్లు తుడుచుకుంటారు. నా ఉద్యోగం రెండోదానిలో. అది క్లబ్బులు వద్దనుకున్నవాళ్లకు. అదే హోటల్లో, మధ్యాహ్నం భోజనాలు ముగిసిన హాల్లో, సాంబారు వాసన పోకముందే జరుగుతుంది.

పద్ధతి చెబుతాను. ప్రతి క్లబ్బూ తనకు కావలసిన కొందరు ఆటగాళ్ల పేర్లు దాచిపెట్టుకుంటుంది. మిగిలినవాళ్లు బయటపడతారు. పోయిన సీజన్‌లో అందరికన్నా అడుగున ఉన్న క్లబ్బుకు మొదటి వంతు, కప్పు గెలిచినదానికి ఆఖరి వంతు. వంతు వచ్చినప్పుడు ఒక పేరు చెప్పాలి, లేదంటే పాస్ అనాలి. పాస్ అన్న క్లబ్బుకు ఆ రోజు మళ్లీ వంతు లేదు. అందరూ పాస్ అంటే ఆట ముగిసినట్టే. ఎవరూ పిలవనివాడు బ్యాగు తీసుకుని బస్సెక్కుతాడు.

పిలిపించుకున్నవాడి సంగతి ఇంకా ఘోరం. అతను కాదనడానికి లేదు. పేరు చెప్పిన క్లబ్బుకు అతని మీద హక్కు వస్తుంది. ఆ హక్కు వదులుకునేదాకా లీగ్‌లో ఇంకే క్లబ్బూ అతనితో మాట్లాడకూడదు. అతన్ని ఆడించి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. పశువుల సంతలో ఎద్దును కొన్నవాడు దున్నడానికే కొంటాడు. పక్కవాడు దున్నుకోకూడదని కొని, గాటికి కట్టేసేవాణ్ని నేను ఇక్కడే చూశాను.

మద్దిలేటి ఆదోనివాడు. తుంగభద్ర క్లబ్బుకు ఎడమవైపు డిఫెండరుగా ఏళ్ల తరబడి ఆడాడు. అతన్ని దాటి బంతి పోవచ్చు, మనిషి పోవచ్చు, రెండూ కలిసి మాత్రం పోవని అనేవారు. కొత్త కోచ్ వచ్చి అతని పేరు దాచలేదు. కారణం చెప్పలేదు. ముప్పై దగ్గరపడుతున్నవాడికి కారణాలు చెప్పే అలవాటు అక్కడ లేదు.

డ్రాఫ్ట్‌కు ముందే కోరమండల్ సిటీ కోచ్ అతనికి ఫోన్ చేశాడు. తమకు ఎడమవైపు మనిషే లేడని, తమ వంతు రాగానే అతని పేరే చెబుతానని మాటిచ్చాడు. మద్దిలేటి ఆ ధైర్యంతోనే హోటల్‌కు వచ్చి పక్కగదిలో కూర్చున్నాడు. కానీ పట్టికలో కోరమండల్‌కు సరిగ్గా ఒక మెట్టు కింద మా మూసీ ఉంది. అంటే మా వంతు ముందు.

మా మేనేజరు సుధీంద్ర మైకు అందుకుని మద్దిలేటి పేరు చెప్పాడు. మా క్లబ్బులో ఆ చోటుకు అప్పటికే ఇద్దరున్నారు. హాల్లో ఎవరో చిన్నగా నవ్వారు. కోరమండల్ కోచ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

పక్కగదిలో మద్దిలేటికి ఇవేమీ తెలియవు. పిలిచిన క్లబ్బు వేరైనా పేరు పిలిచారు, అతనికి అది చాలు. లాజరస్ నన్ను తొడిగి వెనక క్లిప్పులు పెడుతుంటే అతని గుండె నా మీద టపటపా కొట్టుకుంది.

"ఊపిరి బిగపట్టు తమ్మీ, క్లిప్పు జారుతది," అన్నాడు లాజరస్.

"నాకు ఏం నంబరిస్తారన్నా?"

లాజరస్ నోట్లో ఇంకో క్లిప్పుంది. దాన్ని తీసి మడత మీద పెట్టాడు. ఫొటో తీశారు. మద్దిలేటి నవ్వాడు. నన్ను తొడుక్కుని అంత నిజమైన నవ్వు ఎవరూ నవ్వలేదు. అతని భార్య సునంద ఆ ఫొటోను పేపర్లోంచి కత్తిరించి పటం కట్టించింది.

తర్వాత ఎవరూ పిలవలేదు. సాధన మొదలైంది, పిలవలేదు. కొత్త జెర్సీలు వచ్చాయి, పిలవలేదు. అతను ఫోన్ చేస్తే సుధీంద్ర చూద్దాం అనేవాడు. కోరమండల్ కోచ్ అతని ఫోన్ ఎత్తడానికే భయపడ్డాడు. మాట్లాడినట్టు తెలిస్తే వాళ్ల క్లబ్బుకు శిక్ష.

చివరికి మొగుడూ పెళ్లాలు హైదరాబాదు వచ్చారు. ఆఫీసులో కూర్చోబెట్టేవాడు లేక లాజరస్ సామాను గదిలో బంతుల సంచుల మధ్య నిలబడ్డారు. నేను అక్కడే హ్యాంగరుకు ఉన్నాను. సుధీంద్ర అటు పోతూ తలుపు దగ్గర ఆగాడు.

"ఆడిచ్చండి, ల్యాకుంటే వదలండి సార్. ఇంగ నేను ఆడేదే ఒకటి రెండేండ్లు," అన్నాడు మద్దిలేటి.

సుధీంద్ర గొంతు పెంచే మనిషి కాదు. అలాంటివాళ్లతోనే ప్రమాదం. "వదిలితే కోరమండల్‌కు వెళ్లి, నీ వైపు నుంచి దూసుకొచ్చే మా వింగర్‌నే ఆపుతావు. నీ ఆట బాగుంది కాబట్టే కదా నిన్ను తీసుకుంది? గౌరవం అనుకో. రూల్‌లో ఉన్నదే చేశాం," అన్నాడు.

సునంద సంచిలోంచి పటం తీసింది. క్లిప్పుల సంగతి భర్త ఆ రోజే నవ్వుతూ చెప్పి ఉన్నాడు.

"ముందర బో బాగుంది సార్. ఈయప్పను తిప్పి ఈపు గూడా ఒగ ఫొటో తీయండి. అది గూడా పేపర్లో ఎయ్యండి."

సుధీంద్ర ఫోన్ చూసుకుని, చూద్దాం అని వెళ్లిపోయాడు.

మద్దిలేటి వచ్చి నన్ను హ్యాంగరు మీంచి లాగాడు. లాజరస్ అడ్డం వచ్చాడు.

"వద్దు తమ్మీ. అది పోతే నా మీదికొస్తది. నౌకరి తీసేస్తరు."

"అంతా తెలిసే క్లిప్పులు పెట్టినావు గదన్నా."

లాజరస్ బంతుల సంచి మీద కూలబడ్డాడు. అతని మీద నాకు జాలి లేదు. నాకూ అంతా తెలుసు, కానీ నాకు నోరు లేదు. అతనికుంది. అందులో క్లిప్పు పెట్టుకున్నాడు.

ఆదోని బస్సులో, సంచిలో, నేను సిగ్గు లేకుండా సంతోషించాను. ఇతను ఆటగాడు. నన్ను తొడుక్కుని ఆడతాడు. ఒక్కసారైనా నాకు మట్టి అంటుతుంది.

మద్దిలేటి పత్తి జిన్నింగు మిల్లులో పనికి కుదిరాడు. సాయంత్రాలు పత్తి ఏరిన నల్లరేగడి చేలో ఊళ్లవాళ్లు పొట్టేలు పందెం పెట్టి ఫుట్‌బాల్ ఆడతారు. అతనూ ఆడేవాడు, బనీనుతో. నన్ను గోడకు, పటం పక్కన, మేకుకు తగిలించాడు.

ఆ సీజన్‌లో మూసీ కోరమండల్‌ను ఓడించింది. గోల్ మా వింగర్ కొట్టాడు. కోరమండల్ ఎడమవైపు ఖాళీగా ఉన్న చోటులోంచే నడిచినట్టు వెళ్లాడు. ఆట తర్వాత సుధీంద్ర టీవీలో నవ్వుతూ, ఈ ఏడాది తమ ఎంపికల్లో అన్నిటికన్నా మంచిది ఒక్క నిమిషం కూడా ఆడలేదన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సునంద లేచి టీవీ ఆపేసింది. మద్దిలేటి తింటున్న కంచం పక్కకు జరిపాడు.

ఏడాది తిరిగింది. మళ్లీ రెండో డ్రాఫ్ట్. భోజనం వేళ దాటాక మద్దిలేటి ఫోన్ మోగింది. స్పీకర్లో సుధీంద్ర గొంతు. కొత్త ఆటగాడు ఫొటోకు నిలబడి ఉన్నాడట, పాతవన్నీ రంగు పోయినవే, తొడగడానికి ఏమీ లేదట. లాజరస్‌ను నిలదీస్తే విషయం బయటపడిందట. వెంటనే కర్నూలులో తమ మనిషికి అందిస్తే, కనీసం రేపటి పేపరుకైనా ఫొటో తీస్తారట. పోలీసుల మాట ఎత్తలేదు. అంతకన్నా మంచి ఎర అతని దగ్గరుంది.

"పంపించు మద్దిలేటి. నీ రిలీజ్ సంగతి కూడా చూద్దాం. కోరమండల్ వాళ్లు ఇంకా అడుగుతున్నారు."

సునంద భర్త ముఖం వైపు చూసింది. అతను నా వైపు చూశాడు. ఆశ అనేది ఎంత దుర్మార్గమైందో అప్పుడు అతని కళ్లలో చూశాను. అది చాలాసేపు నిలిచి, తర్వాత ఆరిపోయింది.

"చూద్దామని పోయినేడు గూడా అన్నారు సార్. ఈ అంగీ మీద ఇప్పుడు హక్కు నాది. నేను తొడుక్కోను. మీకియ్యను."

ఫోన్ పెట్టేసి, బనీను వేసుకుని చేనుకు వెళ్లాడు. సునంద పటం మీద దుమ్ము తుడిచింది. నన్ను ముట్టుకోలేదు.

ఇప్పటికీ ఆ మేకుకే ఉన్నాను. మద్దిలేటి నన్ను తొడుక్కోడు, పారేయడు, ఎవరికీ ఇవ్వడు. నేనేం తప్పు చేశానని అడగను. అడిగితే అతనూ రూల్‌లో ఉన్నదే అంటాడు. సాయంత్రమైతే కిటికీలోంచి బంతి తన్నిన చప్పుడు వినిపిస్తుంది. ఆడటానికి పుట్టినవాడు ఆ చప్పుడు వింటూ గోడకుండటం ఎలాంటిదో నాకు తెలిసింది. సుధీంద్రకూ తెలియాలి. తెలియదు. అతన్ని ఎవరూ మేకుకు తగిలించరు.