అయస్కాంతం ఆపేశాక

పులుసులో ఉప్పు వేసినట్టు హేమశ్రీకి బాగా గుర్తు. వెయ్యలేదంది అత్తగారు ఆదిలక్ష్మమ్మ. స్టీల్ ప్లాంటులో షిఫ్టుకి బయల్దేరుతున్న భర్త గుణశేఖర్ రుచి చూడకుండానే తేల్చేశాడు. "నీకీ మద్దెన మతి నిలవట్లేదు హేమా. ఆ రాళ్ళపొడి నూరీ నూరీ ఇలాగైపోతన్నావ్." పొంగిన పాలూ, ఆరెయ్యని తువ్వాలూ, ఇంట్లో ఏ లోటైనా ఆ పొడి మీదికే నెట్టేవారు. వండి, వార్చి, బట్టలుతికి యూనివర్సిటీలో రీసెర్చికి పరిగెత్తడంలో ఆమెకే ఒక్కోసారి అనుమానం వచ్చేది. నిజంగా వేశానా?

ఆ పొడి బిస్మత్ ఫెర్రైట్. నూరి, కొలిమిలో కాల్చి, బిళ్ళ చేసి, కరెంటుతో పనిచేసే అయస్కాంతం ధ్రువాల మధ్య పెడితే, లోపల ఇనుప పరమాణువుల అయస్కాంత దిశ ఒరుగుతుంది. దాంతో బిళ్ళలోని విద్యుత్తూ మారుతుంది. ఆ మార్పుని చార్టు మీద పెన్ను గీస్తుంది. అంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే.

భయపెట్టింది ఆ తరవాత జరిగేది. అయస్కాంతం ఆపేశాక పెన్ను సున్నాకి దిగి, చాలాసేపు కదలకుండా ఉండిపోయేది. తలుపు మూసే ఉండేది, ఫ్యాను తిరిగేది కాదు. అప్పుడు, నిద్రలో ఎవరో ఊపిరి తీసినట్టు, పెన్ను మెల్లగా పైకి లేచేది. గదిలో ఇంకెవరో ఉన్నారనిపించి హేమశ్రీ వెనక్కి తిరిగి చూసేది.

గైడు రమణమూర్తి నవ్వేశాడు. "నీకు ముందు ఆశాజ్యోతి కూడా ఇలాగే అనేదమ్మా. మీ ఆడపిల్లల చేతులు వణుకుతాయి, వైర్లు కదుల్తాయి. ఆ ముక్క తీసేసి గ్రాఫు గియ్యి."

ఆశాజ్యోతి రీసెర్చి మానేసి ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతోంది. హేమశ్రీ వెతుక్కుంటూ వెళ్ళి ల్యాబు పేరెత్తగానే, బోర్డు మీద ఆమె సుద్దముక్క ఆగిపోయింది.

"ఆపేసేక సచ్చినట్టు పడుంటాది. తరవాత లేస్తాది. అవునా?"

 హేమశ్రీ ఇంకా పెన్ను సంగతే ఎత్తలేదు.

"నా చెయ్యే అన్నారు సారు. నమ్మీసాను," అంది ఆశాజ్యోతి. "ఆ తరవాత ఏదీ నమ్మలేకపోయాను. స్టవ్వు ఆపేనో లేదోనని వీధి చివర్నించి ఎనక్కెళ్ళేదాన్ని. ఇప్పుటికీ ఎల్తన్నాను."

ఆ రోజు పొద్దున్నే హేమశ్రీ కూడా ఎక్కిన బస్సు దిగిపోయి ఇంటికెళ్ళి చూసుకుని వచ్చింది. స్టవ్వు ఆపే ఉంది. తన రేపటి ముఖం ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు తోచింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ల్యాబు తెరిచారు. అయస్కాంతం ఆపేసి, దూరంగా గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చాలాసేపటికి పెన్ను లేచింది. వదిలేశాక, లోపలి పరమాణువులు తమంత తాము ఒక్కొక్కటే ఒరుగుతున్నాయి.

"నాను కాదు," గుసగుసగా అంది ఆశాజ్యోతి. "నాను ముట్టుకోలేదు."

సోమవారం ఇద్దరి పేర్లూ రాసిన ఆ గ్రాఫుని హేమశ్రీ గైడు ముందు పెట్టింది. పెన్ను లేచిన ఆ భాగం ఉంచితే థీసిస్ మీద తన సంతకం ఉండదన్నాడాయన.

"అయితే ఉండక్కర్లేదండి," అంది.

బయటికొచ్చాక కాళ్ళు వణికాయి. అవి వణుకుతున్నాయని ఆమె ఎవరినీ అడగకుండానే నమ్మింది.